కింది నుంచి మూడో మెట్టు

మార్చి 3

ఇది డైరీ కాదు, ఆఫీసు లెవెల్ పుస్తకం. ఎత్తుపల్లాల కొలతలు రాసుకోవడానికి అచ్చు వేయించినవి బీరువాలో ఇంకా రెండు డజన్లున్నాయి, అడిగే నాథుడు లేడు. గళ్లు ఇరుకుగా ఉన్నాయి కానీ ఒక సౌకర్యం ఉంది. లెవెల్ పుస్తకాన్ని మా ఇంట్లో ఎవరూ తెరవరు.

ఈమధ్య ఎవరితో మాట్లాడినా కసురుకుంటున్నానని మా ఆవిడ అంటోంది. ఆ కసురుకోవడమేదో కాగితం మీదే కానిద్దామని మొదలుపెట్టాను.

కోపానికి కారణమేమీ లేదు, నిజానికి ఇవాళ సంతోషించాల్సిన రోజు. ఐదేళ్లు కాళ్లరిగేలా తిరిగితే పూడిక తీతకు నిధులిచ్చే మొదటి జాబితాలో కేంద్రం ఇన్నాళ్లకు మా ఓడ కాలువ పేరు వేసింది. ఇక పూర్తి దరఖాస్తు పంపాలి, ఏప్రిల్‌లో వాళ్ల అధికారి వచ్చి చూస్తాడు. మా పురపాలక సంఘం అధ్యక్షురాలిది ఐసు ఫ్యాక్టరీ. ఆఫీసులో అందరికీ ఆవిడే ఐస్‌క్రీమ్ తినిపించింది. పొద్దున తొమ్మిదింటికి ఐస్‌క్రీమ్. పళ్లు జివ్వుమన్నాయి.

కాలువ లోతు మంజూరైన లోతుకన్నా కనీసం మూడడుగులు తగ్గి ఉండాలని కేంద్రం నిబంధన. మాది మూడడుగుల ఆరంగుళాలు తగ్గింది. ఇరవై రెండేళ్లుగా పూడికను తిట్టుకున్నవాణ్ని, మొదటిసారి దాన్ని చూసి మురిసిపోయాను. రేవు ఇంజనీరుగా ఎనిమిది నెలల్లో రిటైరవుతాను. వెళ్లేలోపు ఒక్క పెద్ద ఓడ లోపలికి వస్తే చాలు.

మార్చి 5

తవ్విన మట్టి ఎక్కడ పోస్తారన్నది కేంద్రం అడిగే రెండో ప్రశ్న. మట్టంతా ఒకేచోట పట్టాలట. ఊరి చివర పాత ఇటుక బట్టీల గుంటలున్నాయి, అడిగేవాళ్లు లేరు, కానీ మా మట్టిలో ముప్పావు వంతుకన్నా పట్టదు. మిగిలింది పల్లం. ఓడలు ఆగే జెట్టీ పక్కనే ఉన్న లోతట్టు నేల. ముప్పై ఎనిమిది ఇళ్లున్నాయి. వాళ్లను రైలు పట్టాల అవతల కొత్త క్వార్టర్లలోకి మార్చి, చుట్టూ తొమ్మిదడుగుల కట్ట వేసి, బురద అందులోకి పంపు చేస్తాం.

మ్యాపు మీద గీత నేనే గీశాను, ఎర్ర పెన్నుతో. కొత్త క్వార్టర్లు శుభ్రంగా ఉంటాయి కూడా. వాన పడితే ఇంట్లోకి నీళ్లు రావు.

మార్చి 9

పదిహేడో ప్రశ్న: “నీటిమట్టం చూపే కొలత పలక సున్నాను ఏ గుర్తు నుంచి నిర్ణయించారు? చివరిసారి ఎప్పుడు సరిచూశారు? ఫొటో జతచేయండి.”

మొదటిదానికి జవాబు రిజిస్టరులో ఉంది. పాత గోదాము వాకిట్లో, కింది నుంచి మూడో మెట్టు. ఆ మెట్టు ఎత్తు వంద సంవత్సరాల క్రితం ఎవరో కొలిచి పెట్టారు, రేవులో కొలతలన్నీ దాన్నుంచే. రెండోదానికి ఖాళీ వదిలాను. ఫొటోకేముంది, రేపు చూస్తాను.

మార్చి 10

ఎండ మండిపోతోంది. రేపు చూస్తాను.

మార్చి 13

బావమరిది వచ్చాడు. అక్కను చూడ్డానికంటాడు కానీ వాడొచ్చేది మా ఇంట్లో పేపరు చదవడానికి. ఒకప్పుడు ఈ రేవులో వాడు లేనిదే పెద్ద ఓడ లోపలికి అడుగు పెట్టేది కాదు. బయట సముద్రంలో ఓడ ఎక్కి, కాలువ వెంట దారి చూపిస్తూ జెట్టీకి తెచ్చే పైలట్ వాడు. వరద వచ్చిన ఏడాది కాలువ ఒక్కసారిగా అడుగు మేర పూడింది, లోతు తగ్గిందని మేం ప్రకటించాం, పెద్ద ఓడలన్నీ పక్క రేవుకు మళ్లిపోయాయి. అప్పటి నుంచి వాడు ఇవతలి ఒడ్డు నుంచి అవతలి ఒడ్డుకు జనాన్ని చేరవేసే లాంచీ నడుపుతున్నాడు. తెల్ల యూనిఫాం మాత్రం ఇప్పటికీ ఇస్త్రీ చేయించి బీరువాలో పెట్టుకున్నాడని వాడి భార్య చెబుతుంది.

దరఖాస్తు సంగతి చెబితే నవ్వాడు. వాడి పాత జోకు మళ్లీ వేశాడు: “నీ కాగితం కన్నా నా చెయ్యే మంచిది బావా. ఆఖరి రోజుల్లో ఒక్క ఓడా నేల రాసుకోవాల్సిన చోట రాసుకోలేదు.”

పైలట్లందరూ అలాగే అంటారు. తమ చెయ్యి మంచిదనుకుంటారు.

మార్చి 17

ఫొటోకు వెళ్లాను. గోదాము తాళం వేసి ఏళ్లయింది. మెట్ల మీద మేకలు పడుకున్నాయి, వాటిని లేపి మూడో మెట్టు పక్కన స్కేలు పెట్టి తీశాను.

రిజిస్టరులో చేత్తో గీసిన బొమ్మ ఉంది. అందులో ఐదు మెట్లు. వాకిట్లో ఆరున్నాయి.

మార్చి 18

బొమ్మ గీసినవాడు గుమాస్తా. గుమాస్తాలకు గీయడం ఏం వచ్చు.

మార్చి 19

ఐదే గీశాడు. బద్ధకస్తుడు.

మార్చి 20

అన్నింటికన్నా కింది మెట్టు రాయి వేరు. పై ఐదు ఉలితో చెక్కినవి. కిందిది రంపంతో కోసింది, అంచులు కత్తిరించినట్టున్నాయి. ఆ రోడ్డు మీద లారీలు వెళ్లేందుకు ఎప్పుడో నేల తవ్వి కిందికి దించారు, అప్పుడు రోడ్ల విభాగం వాళ్లెవరో ఒక మెట్టు అదనంగా వేసి ఉంటారు. అదీ పలక పెట్టిన తర్వాతే అయ్యుంటుంది. తర్వాత వేస్తే పలకకు సంబంధం లేదు.

తర్వాతే అయ్యుంటుంది.

మార్చి 23

పల్లం వాళ్లతో సమావేశం. స్కూలు హాల్లో బెంచీలు వేశారు. అధ్యక్షురాలు బాగా మాట్లాడింది, ఎవరి మీదా గొంతు పెంచలేదు. ఓడలు వస్తే పల్లం పిల్లలకే ముందు పని దొరుకుతుందని చెప్పింది. అది అబద్ధం కాదు.

వెనక వరుసలో పలక తాత కూర్చున్నాడు. ఊళ్లో అందరూ అలాగే పిలుస్తారు. జెట్టీ దగ్గరి పలక మీద నీళ్లు ఎంతవరకు ఉన్నాయో రోజుకు నాలుగుసార్లు చూసి రాసే ఉద్యోగం అతనిది. రిటైరై తొమ్మిదేళ్లయింది. ఆ పోస్టు భర్తీ కాలేదు, అతను మానలేదు. ఇప్పటికీ చూసి, చీటీ మీద రాసి జెట్టీ కాపలాదారు చేతికిస్తాడు. మా సర్వేలన్నీ ఆ చీటీల మీదే నడుస్తున్నాయి.

అందరూ ఇళ్ల గురించి అడిగారు. అతను చివర్లో లేచి ఒక్క మాట అడిగాడు: “ఆ క్వార్టర్ల నుంచి పలక కనిపిస్తుందా బాబూ?”

కనిపించదని చెప్పాను. రెండున్నర మైళ్లు. సరేనని తలూపి కూర్చున్నాడు. కోప్పడి ఉంటే నాకు తేలికయ్యేది.

మార్చి 24

వరద ఏడాది పలక నేనే పెట్టాను. తాడు తెగిన పడవ ఒకటి కొట్టుకొచ్చి పాత స్తంభాన్ని విరగ్గొట్టింది. కొత్త స్తంభం పాతించి, మూడో మెట్టు నుంచి కొలిచి సున్నా గుర్తు పెట్టాను. ముప్పై ఏడేళ్ల వాణ్ని, మూడు రోజులు ఇంటికి పోకుండా పనిచేశాను. మెప్పు కాగితం కూడా ఇచ్చారు.

అప్పుడు తాత నాతో ఏమీ అనలేదు. అని ఉంటే గుర్తుండేది.

మార్చి 26

అధ్యక్షురాలు పదిహేడో ప్రశ్న ఖాళీగా ఉందేమిటని అడిగింది. రేపు చూస్తానన్నాను.

మార్చి 27

రోడ్ల విభాగం పాత ఫైళ్లు తీయించాను. గోదాము రోడ్డు దించింది వరదకు రెండేళ్ల ముందు.

ఫైలు చివర సంతకం నాది. ఆ రెండేళ్లూ నన్ను రోడ్లకు వేశారు. “వాకిలి ముందు నేల దిగినందున ఒక మెట్టు అదనంగా వేయించడమైనది.” చేతిరాత కూడా నాదే, అప్పట్లో గుండ్రంగా రాసేవాణ్ని.

మార్చి 30

ఆదివారం. లెవెల్ యంత్రం తీసుకుని ఒక్కణ్నే వెళ్లాను. దీపస్తంభం అరుగు మీద ఇంకో పాత గుర్తుంది, అక్కడి నుంచి మొదలుపెట్టి జెట్టీ మీదుగా పలక దాకా కొలిచాను. తిరిగి కొలిచాను. మూడోసారి కూడా కొలిచాను.

పదకొండు అంగుళాలు.

ఏప్రిల్ 1

లెక్క ఒకసారి మామూలు మాటల్లో రాసుకోవాలి, అధ్యక్షురాలికి ఎలాగూ ఇలాగే చెప్పాలి.

పడవలోంచి కాలువ లోతు కొలుస్తాం. ఆ నిమిషానికి పోటు వల్ల నీళ్లు ఎంత పైకి ఉన్నాయో పలక చెబుతుంది. అంతా తీసేస్తే మిగిలేది అసలు లోతు. నేను వేయించిన కొత్త మెట్టును కూడా కలిపి లెక్కపెట్టి, రెండో మెట్టును మూడోది అనుకున్నాను. పలక సున్నా పదకొండు అంగుళాలు కిందికి పోయింది. కాబట్టి పలక ఎప్పుడూ పదకొండు అంగుళాలు ఎక్కువ చూపిస్తుంది, మేం ప్రతిసారీ పదకొండు అంగుళాలు ఎక్కువ తీసేస్తాం. కాలువ ఉన్నదానికన్నా పూడినట్టు కనిపిస్తుంది.

వరద ఏడాది ఒక్కసారిగా పూడిన అడుగు నీళ్ల కింద లేదు. నా మెట్టులో ఉంది. దాన్ని చూసే పెద్ద ఓడలు వెళ్లిపోయాయి.

మిగతా పూడిక నిజమే. రెండడుగుల ఏడంగుళాలు. కేంద్రానికి మూడడుగులు కావాలి. అంటే మేం అర్హులం కాము. ఇంకో సంగతి కూడా. రెండడుగుల ఏడంగుళాల మట్టి అయితే ఇటుక గుంటల్లో సరిపోతుంది. పల్లం ఎవరూ ఖాళీ చేయక్కర్లేదు.

నోరు మూసుకుంటే కేంద్రం నిధులు వస్తాయి, ముప్పై ఎనిమిది ఇళ్లు పోతాయి. నోరు తెరిస్తే నిధులు పోతాయి, నేను పోతాను. నా వంతు సంగతి చివర రాద్దామనుకున్నాను, రాసేసరికి అదే ముందు తోచింది.

ఏప్రిల్ 2

అన్నాడు. తాత అన్నాడు.

ఇవాళ పళ్లు తోముకుంటుంటే గుర్తొచ్చింది. గుర్తొచ్చిందని కూడా అనకూడదు, ఎప్పుడూ మర్చిపోలేదు. వరద తీసిన వారానికి, జెట్టీ మీద, టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. పక్క స్తంభానికి పాతకాలం ఇనుప మేకు ఒకటి ఉంది. “బాబూ, నీళ్లు మేకు దాకా వస్తే పలక నాలుగడుగులు చూపించాలి. ఐదుకు ఒక్క అంగుళం తక్కువ చూపిస్తోంది” అన్నాడు. నా జేబులో మెప్పు కాగితం ఉంది. రేపు చూస్తాలే అన్నాను.

ఏప్రిల్ 4

అధ్యక్షురాలికి చెప్పాను. తలుపు వేయించి, ఫ్యాను ఆపించి విన్నది. ముందుగా అడిగింది ఈ సంగతి ఇంకెవరికి తెలుసని. ఎవరికీ తెలియదన్నాను. తాత మాట ఎత్తలేదు.

ఆవిడ దరఖాస్తు ఫైలు ముందుకు లాక్కుంది. తర్వాత ఐదేళ్లలో తను ఎన్నిసార్లు రాజధానికి వెళ్లిందో, ఎన్ని వరండాల్లో కూర్చుందో చెప్పుకొచ్చింది. ఓసారి ఒక గుమాస్తా, ఐసు అమ్ముకునేదానికి ఓడల సంగతేం తెలుసని అన్నాడట. అది నాకు ఇంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు. ఓడలు రావాలంటే పెద్ద తవ్వకమే కావాలి, పదకొండు అంగుళాలతో ఊరు బాగుపడదు అంది. అదీ నిజమే.

“మీరు ఏడు నెలల్లో ఇంటికెళ్లిపోతారు. నేను ఈ ఊళ్లోనే తిరగాలి. ఒక్క మెట్టు కోసం అందరి నోట్లో మట్టి కొడతారా?”

మట్టి కొట్టేది పల్లంలోనే కదండీ అన్నాను. అనాలనుకోలేదు, వచ్చేసింది. ఆవిడ మొహం చూడలేకపోయాను. చివరికి, సంతకం మీది, మీ ఇష్టం అంది. ఫ్యాను మళ్లీ వేసుకుంది.

ఏప్రిల్ 5

సంతకం పెట్టేద్దాం.

ఏప్రిల్ 6

పెడితే ఎవరికీ ప్రమాదం లేదు. ఓడలు మునిగే తప్పు కాదు ఇది, లోతు ఎక్కువుండే తప్పు. కొత్త క్వార్టర్లలో కుళాయిలున్నాయి. తాతకు డెబ్బై ఏళ్లు, ఇంకెన్నాళ్లు చూస్తాడు పలక.

ఇది రాసిన చెయ్యి నాదేనా.

ఏప్రిల్ 7

మా ఆవిడ లెవెల్ పుస్తకం తెరిచింది. ఎవరూ తెరవరని మొదటి పేజీలోనే రాసుకున్నాను. ముప్పై ఏళ్లు పోస్టాఫీసులో పనిచేసింది, ఏ కాగితంలో ఏముందో ఆవిడకు కవరు చూస్తే తెలుస్తుంది. చదివేసి పొయ్యి దగ్గరికెళ్లింది. టీ పెట్టి తెచ్చి ఎదురుగా కూర్చుంది.

“కేంద్రానికి తర్వాత చెబుదురుగాని. ముందు మా తమ్ముడికి చెప్పండి” అంది.

వాడికెందుకన్నాను.

“వాడి చెయ్యి మంచిది కాబట్టి ఓడలు నేల రాసుకోలేదని వాడు అనుకుంటున్నాడు. కాలువ మంచిదై రాసుకోలేదని మీకు తెలుసు. ఇరవై రెండేళ్లు వాడు మనింట్లో ఆ జోకు వేస్తుంటే మీరు నవ్వారు.”

ఏప్రిల్ 8

లాంచీ దగ్గరికి వెళ్లాను. మధ్యాహ్నం, జనం పలచగా ఉన్నారు. చుక్కాని దగ్గర పక్కన నిలబడి అవతలి ఒడ్డు చేరేలోపు చెప్పేశాను. వాడు ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు, చూస్తే లాంచీ పక్కకు పోతుందన్నట్టు నీళ్లనే చూస్తూ నడిపాడు. అవతల జనం దిగారు. కొత్తవాళ్లు ఎక్కారు. తిరుగు ప్రయాణం సగం అయ్యాక అన్నాడు:

“ఆ ఏడాది నాకు నలభై నిండలేదు బావా.”

ఇవతలి ఒడ్డున తాడు కట్టి, దిగేటప్పుడు అందరికీ చెయ్యి అందించాడు, ముసలివాళ్లకూ పిల్లలకూ. నాకు అందించలేదు. నేనూ ఎదురుచూడలేదు, గెంతి దిగాను, మోకాలు పట్టేసింది.

ఏప్రిల్ 10

మోకాలు నొప్పి. సెలవు పెట్టాను.

ఏప్రిల్ 12

పల్లం వెళ్లాను. తాత ఇల్లు జెట్టీకి అన్నింటికన్నా దగ్గర, కిటికీలోంచి పలక మీది అంకెలు చదవొచ్చు. నేను వస్తానని తెలిసినట్టే స్టూలు తెచ్చి వేశాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక నీళ్లు నమిలాను. అతనే లేచి అటక మీంచి అట్టపెట్టె దించాడు. ఇరవై రెండు స్కూలు నోటు పుస్తకాలు, అన్నింటికీ అట్టలు వేసి ఉన్నాయి.

ప్రతి పేజీలో రెండు గడులు. ఒకటి ఆఫీసుకు పంపింది, పలక చెప్పినట్టు. రెండోది ఇనుప మేకును బట్టి అతను సరిచేసుకున్నది. రోజుకు నాలుగుసార్లు, ఇరవై రెండేళ్లు. మరి ఆఫీసుకు రెండోదే పంపొచ్చు కదా అన్నాను. పలక ఏం చెబితే అది రాయడమే తన పని అని, పలకను దిద్దడం ఇంజనీరు గారి పని అని చెప్పాడు. దెప్పిపొడుపేమీ లేదు ఆ మాటలో, ఉద్యోగం ఎలా చెయ్యాలో కొత్తవాడికి చెప్పినట్టు చెప్పాడు.

మొదటి పుస్తకంలో ఆగస్టు 19 దగ్గర, గడుల పక్కన పెన్సిలుతో: “ఇంజనీరు బాబుకు చెప్పాను. రేపు చూస్తానన్నారు.”

మర్నాడు: “చూడలేదు.” వారం రోజులు అదే. ఆ తర్వాత ఏడాదికి ఒక్కసారే, ఆగస్టు 19న: “ఇంకా చూడలేదు.” ఒక్కో పుస్తకం తీసి అదే తారీఖు వెతికాను. తొమ్మిదో పుస్తకంలో మాత్రం వేరేగా ఉంది: “ఈసారి మళ్లీ చెబుదామనుకున్నాను. బాబు గారి అమ్మగారు పోయారట. చెప్పలేదు.”

అక్కడ పుస్తకం మూసేశాను. ఇవి కొన్నాళ్లు ఇస్తావా తాతా అని అడిగాను. పాతవి ఇరవై రెండూ సంచీలో పెట్టి ఇచ్చాడు. ఈ ఏడాది పుస్తకం ఇంకా రాస్తున్నానని ఉంచుకున్నాడు.

ఏప్రిల్ 15

రేపు కేంద్రం అధికారి వస్తున్నాడు. మా ఆవిడ చొక్కా ఇస్త్రీ చేసింది.

ఏప్రిల్ 16

అధికారి చిన్నవాడు, పొడుగ్గా ఉన్నాడు, నల్ల గొడుగు వేసుకుని తిరిగాడు. కాలువ చూశాడు, పల్లం చూశాడు, ఇటుక గుంటల వైపు చూడనేలేదు. అధ్యక్షురాలు పక్కనే నడుస్తూ అన్నీ చెప్పింది. నాతో పొద్దున్నుంచీ మాట్లాడలేదు. పదకొండింటికి గోదాము దగ్గరికి వచ్చాం. అతను మూడో మెట్టు మీద స్కేలు పెట్టించి ఫొటో తీసుకున్నాడు, బాగుందన్నాడు, సంతకం కోసం కాగితం నా ముందుకు చాచాడు. పెడితే అంతటితో అయిపోయేది. పెన్ను కూడా తనదే ఇచ్చాడు.

“ఇది మూడోది కాదండీ, రెండోది. అన్నింటికన్నా కింది మెట్టు తర్వాత వేసింది” అన్నాను.

అతను గొడుగు మడిచాడు. మళ్లీ చెప్పమన్నాడు, రాసుకోవాలని. చెప్పాను. పదకొండు అంగుళాలనీ, అసలు పూడిక మూడడుగుల లోపేననీ చెప్పాను. ఆ మెట్టు ఎవరు వేశారని అడిగాడు.

“నేనే.”

పలక ఎవరు పెట్టారని అడిగాడు.

“అదీ నేనే.”

రాసుకుంటూ ఒకసారి తలెత్తి నన్ను చూశాడు. అతని కన్నా అధ్యక్షురాలు ముందు కదిలింది. కారు దాకా వెళ్లి, తలుపు తెరిచి, మళ్లీ మూసి వెనక్కి వచ్చింది. దరఖాస్తు మాది, తప్పు మాది, ఇరవై రెండేళ్ల సరైన కొలతలు కూడా మా దగ్గరున్నాయి, అవి చూసి వెళ్లండి అంది అధికారితో. తాత పుస్తకాల సంగతి ఆవిడకు పొద్దున్నే చీటీ రాసి బల్ల మీద పెట్టాను. చదివిందో లేదో అప్పటిదాకా నాకు తెలియదు.

అధికారి మా ఆఫీసులో కూర్చుని సాయంత్రం దాకా నోటు పుస్తకాలు తిప్పాడు. పెన్సిలు రాతలు కూడా చదివాడు. తొమ్మిదో పుస్తకం దగ్గర చాలాసేపు ఆగాడు.

ఏప్రిల్ 17

భయంగా ఉంది. నిన్న లేదు, ఇవాళ ఉంది.

మే 20

దరఖాస్తు తిప్పి పంపారు. “ఈ విడతకు అర్హత లేదు. సరిచేసిన కొలతలతో వచ్చే విడతలో తిరిగి పంపవచ్చు.” నా మీద విచారణ వేశారు, వచ్చే నెల మొదలవుతుంది. అధ్యక్షురాలు నాతో ఫైళ్ల మీద మాత్రమే మాట్లాడుతోంది. నిన్న ఒక ఫైలు మీద, మట్టి పోసేచోటు పేరు దగ్గర, పల్లం కొట్టేసి ఇటుక గుంటలని స్వహస్తాలతో రాసింది. కొట్టేసిన గీత ఎర్ర పెన్నుతోనే.

ఊళ్లో నాకు కొత్త పేరు వచ్చింది. మెట్టు ఇంజనీరు. నాకేం బాధ లేదు. ఉంది, కొంచెం.

జూన్ 5

పలక దిద్దించాను. దీపస్తంభం నుంచి కొలిచి, మేకుతో సరిచూసి. నీళ్లు మేకు దాకా వచ్చేదాకా తాతా నేనూ జెట్టీ మీదే కూర్చున్నాం. నాలుగడుగులు చూపించింది. తాత రెండుసార్లు వంగి చూశాడు.

జూన్ 11

కొత్త లోతులు ప్రకటించి వారం కాలేదు, ఇవాళ పొద్దున గోధుమల ఓడ ఒకటి వచ్చింది. బ్రహ్మాండమైనదేమీ కాదు. పక్క రేవుకు పోవాల్సింది, పదకొండు అంగుళాలు దొరికాయని ఇటు తిరిగింది. జెట్టీ మీద సగం ఊరు నిలబడింది. అధ్యక్షురాలు కూడా వచ్చింది, నాకు కొంచెం దూరంలో నిలబడింది.

ఓడ పైన, చుక్కాని గది బయట, తెల్ల యూనిఫాంలో బావమరిది. నడుము దగ్గర బిగుతైపోయింది, కింది నుంచే కనిపిస్తోంది. రెండు నెలలుగా మా ఇంటికి రాలేదు. దిగాక నా పక్కగా వెళ్తూ ఆగాడు.

“కాలువ బాగుంది” అన్నాడు. బావా అనలేదు. ఆగి చెప్పాడు, అంతే చాలు ఇవాళ్టికి.

సాయంత్రం తాత పుస్తకాలు సంచీలో తీసుకుని పల్లం వెళ్లాను. ఇరవై రెండూ లెక్కపెట్టి అటక మీద పెట్టించాడు. ఈ ఏడాది పుస్తకం కిటికీ దగ్గర తెరిచి ఉంది. చూడొచ్చా అంటే చూడమన్నాడు.

వెనక్కి తిప్పాను. మార్చి 30 దగ్గర, గడుల పక్కన: “ఆదివారం. ఇంజనీరు బాబు ఒక్కరే వచ్చి కొలిచారు. మూడుసార్లు కొలిచారు. చూశారు.”

ఆ రోజు కిటికీలోంచి నన్ను చూస్తూనే ఉన్నాడన్నమాట. ఏప్రిల్ 12న స్టూలు వేసినప్పుడూ తెలుసు. మార్చి 31 నుంచి ప్రతి రోజు కిందా ఒకే మాట, ఏప్రిల్ 15 దాకా: “ఇంకా చెప్పలేదు.” పదహారున గడుల పక్కన ఏమీ రాయలేదు. ఎందుకని అడిగాను. మీరు చెప్పినప్పుడు నేను అక్కడ లేను, నేను చూడనిది రాయను కదా బాబూ అన్నాడు.

జూన్ 5 నుంచి పేజీలో గడి ఒక్కటే ఉంది. రెండో గడి గీత గీయడం మానేశాడు. ఈ సాయంత్రం నాలుగో కొలతకు వేళైంది, చదివి పెట్టమని పెన్సిలు తీసుకుని కూర్చున్నాడు. కిటికీలోంచి చూసి, ఐదడుగుల రెండంగుళాలని చెప్పాను. అతను లేచి వచ్చి తనే ఒకసారి చూసుకుని, అప్పుడు రాశాడు.